మెట్లెక్కితే వచ్చే మంటకి గ్యాస్ అని పేరు పెట్టకండి

‘‘డాక్టర్ గారూ, మాది సత్తుపల్లి. పోయిన నెల మా ఆయన బాబాయి కొడుకు, 36 ఏళ్ళవాడు, ఆదివారం పొద్దున షటిల్ ఆడుతూ కోర్టులోనే పడిపోయాడు. కారులో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ప్రాణం పోయిందన్నారు. లావు కాదు, తాగుడు లేదు, స్నేహితులతో ఉన్నప్పుడు సిగరెట్ తప్ప వేరే అలవాటు లేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. కొందరు వ్యాక్సిన్ వల్ల అంటున్నారు, కొందరు ఆట వల్ల అంటున్నారు. ఏది నిజం? మా ఆయనకి 39. ఎరువుల షాపు. రోజుకి నాలుగైదు సిగరెట్లు. మా మామగారికి 52 ఏళ్ళకే స్టెంట్ వేశారు. ఈయన కూడా ఈమధ్య రాత్రి అన్నం తిని మేడ మీదికి ఎక్కుతుంటే గుండెల్లో మంట అంటున్నారు, పైకి వెళ్ళి ఈనో తాగి ఐదు నిమిషాలు కూర్చుంటే తగ్గిపోతుంది, మొన్న ఈసీజీ తీయిస్తే నార్మల్ వచ్చింది కాబట్టి అది గ్యాసేనట. ఇంట్లో సార్బిట్రేట్ మాత్రలు పెట్టుకోమంటారా? ఏ హెల్త్ చెకప్ ప్యాకేజీ మంచిది?’’

— పేరు వద్దన్న ఒక సోదరి

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ మరిది గురించి బాధేసింది, రెండోసారి మీ ఆయన గురించి భయమేసింది. మీరు అడిగిన ప్రశ్నలన్నీ ఒక ఎత్తు, మధ్యలో మాటల్లో మాటగా చెప్పి దాటేసిన ఆ మేడ మెట్ల సంగతి ఒక ఎత్తు. వ్యాక్సిన్ గురించీ ఆట గురించీ కూడా చెబుతాను, కానీ ముందు అది తేల్చుకుందాం, ఎందుకంటే పోయినవాడి గురించి మనం చేయగలిగింది ఇక ఏమీ లేదు, ఈయన గురించి చేయాల్సింది ఈ వారమే ఉంది.

కడుపులో ఆమ్లం పైకి తన్నితే వచ్చే మంటకి ఒక తీరు ఉంటుంది. తిని వెంటనే పడుకుంటే వస్తుంది, ముందుకు వంగితే వస్తుంది, నోట్లోకి పుల్లగా తగులుతుంది, మీరు మెట్లెక్కారా దిగారా అన్నది దానికి పట్టదు. మీ ఆయనకి వచ్చేది అలా లేదు. నడిస్తే వస్తోంది, కూర్చుంటే పోతోంది. శ్రమ పడ్డప్పుడు వచ్చి, ఆగితే కొద్ది నిమిషాల్లో తగ్గే ఛాతీ ఇబ్బందిని, అది మంట కానివ్వండి, బరువు కానివ్వండి, పట్టేసినట్టుండనివ్వండి, గుండెది కాదని రుజువయ్యేదాకా గుండెదే అనుకోవాలి. దీన్నే మా డాక్టర్లు యాంజైనా అంటారు. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం సన్నబడిందనుకోండి, కూర్చున్నప్పుడు వచ్చే రక్తం సరిపోతుంది, మెట్లెక్కితే గుండె ఎక్కువ అడుగుతుంది, నాళం ఇవ్వలేదు. అన్నం తిన్న వెంటనే ఎక్కితే ఇంకా తొందరగా వస్తుంది, ఎందుకంటే అప్పుడు పొట్ట కూడా రక్తంలో తన వాటా అడుగుతుంది. ‘తిన్నాక వచ్చింది కాబట్టి గ్యాస్’ అనుకోవడానికి సగం కారణం ఇదే.

ఇక ఆ ఈనో సంగతి. పైకి వెళ్ళి తాగి ఐదు నిమిషాలు కూర్చుంటే తగ్గిపోతుందన్నారు. తగ్గించింది ఆ కూర్చోవడం. పేరు మాత్రం ఈనోకి పోతోంది. ఒకసారి మంచినీళ్ళు తాగి కూర్చోమనండి, అప్పుడూ తగ్గుతుంది (పరీక్ష కోసమని మళ్ళీ మెట్లెక్కించకండి సుమా, మాట వరసకి అన్నాను). త్రేన్పు వస్తే హాయిగా ఉంది కాబట్టి గ్యాసే అనేవాళ్ళు కూడా ఉన్నారు, గుండెకీ అన్నవాహికకీ నరాల దారులు దాదాపు ఒక్కటే, గుండెపోటు వచ్చినవాళ్ళకి కూడా త్రేన్పులు వస్తాయి, వాంతులు అవుతాయి.

ఈసీజీ నార్మల్ అన్నారు కదా, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా అనుభవంలో ఆ కాగితాన్ని నమ్ముకుని నష్టపోయినవాళ్ళు తక్కువేం కాదు. పడుకున్న ఎద్దుని చూసి అది కుంటుతుందో లేదో చెప్పగలరా? లేపి నాలుగడుగులు వేయించాలి. మీ ఆయన బల్ల మీద హాయిగా పడుకుని, నొప్పి లేనప్పుడు తీయించుకున్న ఈసీజీ అలాంటిదే. ఆ పది సెకన్లలో గుండె కొట్టుకోవడం బాగుందని మాత్రమే అది చెబుతుంది. యాంజైనా ఉన్న చాలామందికి నొప్పి లేనప్పుడు ఈసీజీ మామూలుగానే ఉంటుంది. అంతెందుకు, నిజంగా గుండెపోటు మొదలైన మొదటి గంటలో తీసిన ఈసీజీ కూడా కొందరికి నార్మల్‌గా రావచ్చు, అందుకే అనుమానం ఉంటే కాసేపటికి మళ్ళీ తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేసి, అవసరమైతే కొన్ని గంటల తర్వాత ఇంకోసారి చేస్తారు.

ఈ తప్పు నేనూ చేశాను, దాచుకోవడం దేనికి. చదువైపోయి కొత్తగా ఒక ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేస్తున్న రోజులు. రాత్రి పదకొండింటికి ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు, 34 ఏళ్ళు, ఛాతీ మధ్యలో మంట, బిర్యానీ తిన్నానన్నాడు. ఈసీజీ తీశాను, బాగానే ఉంది. వయసు చూశాను, బిర్యానీ మాట విన్నాను, అసిడిటీ ఇంజక్షన్ చేసి పంపేశాను. చొక్కా తడిసి ఉండటం కూడా చూశాను, ఎండాకాలం కదా అనుకున్నాను. తెల్లవారుజామున అతని తమ్ముడు భుజం మీద వేసుకొచ్చాడు. బతికాడు. కానీ గుండె సత్తువ సగానికి పడిపోయింది, ఆ తర్వాత ఆటో తోలలేకపోయాడు. అతను నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు, అది ఇంకా కష్టంగా ఉండేది. ఆ రాత్రి అతని వయసు 54 అయ్యుంటే నేను ఇంటికి పంపేవాణ్ణి కాదు. చిన్నవాళ్ళ గుండెపోటులో ఇదే చిక్కు, రోగి నమ్మడు, ఇంట్లోవాళ్ళు నమ్మరు, ఒక్కోసారి డాక్టరూ నమ్మడు.

కాబట్టి మీ ఆయన్ని ఈ వారంలోనే గుండె డాక్టరుకి చూపించండి. ఖమ్మం వెళ్తారో హైదరాబాద్ వెళ్తారో మీ వీలు. అక్కడ చెప్పాల్సిన మాట ‘గ్యాస్ ప్రాబ్లం’ అని కాదు, ‘మెట్లెక్కితే ఛాతీలో మంట, కూర్చుంటే తగ్గుతోంది, ఇన్ని రోజుల నుంచి, నాన్నకి 52కే స్టెంట్’ అని ఇదే వరసలో చెప్పండి. ఈ ఒక్క వాక్యం వింటే ఏ గుండె డాక్టరైనా కుర్చీలో ముందుకు జరుగుతాడు. టూడీ ఎకో అని గుండెకి స్కానింగ్ చేస్తారు, ఆ తర్వాత ట్రెడ్‌మిల్ టెస్టా, గుండె నాళాల్లో పూడిక చూసే సీటీ యాంజియోనా, నేరుగా మామూలు యాంజియోగ్రామా అన్నది ఆయన చూసి నిర్ణయిస్తారు. మీరే ల్యాబుకి వెళ్ళి ట్రెడ్‌మిల్ చేయించుకోవద్దు, నొప్పి ఉన్న మనిషిని దాని మీద ఎక్కించాలో వద్దో డాక్టరు చెప్పాలి. అప్పటిదాకా షటిల్ వద్దు, షాపులో 45 కిలోల యూరియా బస్తాలు ఎత్తడం వద్దు, పడక కింది గదిలోకి మార్చుకోండి. ఈలోపు ఆ మంట కూర్చున్నప్పుడు కూడా వచ్చినా, రోజురోజుకీ తక్కువ శ్రమకే వస్తున్నా, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు వెళ్ళాలి. పదిహేను నిమిషాలు దాటినా తగ్గకపోతే, లేదా చెమటలు, ఆయాసం, దవడకో చేతికో వీపుకో పాకే నొప్పి తోడైతే వెంటనే 108.

‘ఇంత చిన్న వయసులోనా’ అని మీరు అనుకుంటున్నారని తెలుసు. దక్షిణాసియా వాళ్ళకి, అంటే మనకి, మొదటి గుండెపోటు మిగతా ప్రపంచం కంటే ఐదారేళ్ళు ముందే వస్తోందని 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనంలో తేలింది, మనవాళ్ళ సగటు 53 ఏళ్ళు, మిగతావాళ్ళకి దాదాపు 59. సగటు 53 అంటే నలభైల్లో వచ్చేవాళ్ళు ఎంతోమంది ఉన్నట్టే కదా. అదే అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది, పొగాకు, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, కూరగాయలు పళ్ళు తినకపోవడం, ఒళ్ళు కదల్చకపోవడం, మద్యం విషయంలో అలవాట్లు, ఈ తొమ్మిదింటితోనే ముప్పులో దాదాపు 90 శాతం లెక్క తేలిపోతోందని. అంటే చిన్నవాళ్ళని చంపుతున్నది కొత్త జబ్బేమీ కాదు, పాత జబ్బే ముందుగా వస్తోంది.

చిన్నవయసులో ఇది మరీ చప్పున ఎందుకు కొడుతుందో కూడా చెబుతాను. నాళం నిండా బ్లాక్ పెరిగి పెరిగి చివరికి మూసుకుపోతే గుండెపోటు వస్తుందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అలా కాదు. నాళంలో ముప్పై నలభై శాతం మాత్రమే అడ్డుగా ఉన్న మెత్తటి కొవ్వు గడ్డ పైపొర చిట్లుతుంది, అక్కడ దెబ్బ తగిలిందనుకుని శరీరం రక్తాన్ని గడ్డకట్టిస్తుంది, ఆ గడ్డ నాళాన్ని నిమిషాల్లో మూసేస్తుంది. ‘మొన్ననే ట్రెడ్‌మిల్ చేయించాడండీ, అంతా బాగుందన్నారు’ అనే ఇళ్ళల్లో జరిగేది ఇదే, ఎందుకంటే ముప్పై శాతం బ్లాక్ ట్రెడ్‌మిల్‌కి దొరకదు. పెద్దవాళ్ళలో ఏళ్ళ తరబడి నెమ్మదిగా పూడుకుపోయిన నాళం చుట్టూ చిన్నచిన్న పక్కదారులు ఏర్పడతాయి, మెయిన్ రోడ్డు మూసేసినా డొంకదారుల్లో బండ్లు పోయినట్టు కొంత రక్తం అందుతుంది. ముప్పైల్లో ఉన్నవాడికి ఆ డొంకదారులు ఇంకా పడి ఉండవు.

మీ మరిది విషయంలో ఏం జరిగిందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, పోస్టుమార్టం లేకుండా ఎవరూ చెప్పలేరు, చెబుతున్నవాళ్ళని నమ్మకండి. అయితే ఒక తేడా తెలుసుకోండి. బోరు మోటార్ ఆగిపోవడానికి రెండు కారణాలు ఉంటాయి కదా, పైపులో పూడిక పడితే నీళ్ళు రావు, కరెంటులో తేడా వచ్చి స్టార్టర్ కొట్టేస్తే మోటారే ఆగిపోతుంది. గుండెపోటు పూడిక లాంటిది, మనిషికి స్పృహ ఉంటుంది, నొప్పి అని చెబుతాడు, ఆస్పత్రికి వెళ్ళే టైం ఉంటుంది. కార్డియాక్ అరెస్ట్ స్టార్టర్ కొట్టేయడం లాంటిది, మనిషి ఉన్నచోటే కూలిపోతాడు. పూడిక వల్ల స్టార్టర్ కొట్టేయడమూ ఉంది, పూడికే లేకుండా పుట్టుకతో వచ్చిన గుండె కండరం జబ్బు వల్లో, గుండె లోపలి కరెంటు దారుల్లో లోపం వల్లో కొట్టేయడమూ ఉంది. 35 దాటినవాళ్ళు ఆడుతూ కూలిపోతే ఎక్కువగా మొదటిదీ, అంతకంటే చిన్నవాళ్ళలో రెండోదీ చూస్తాం. మీ మరిది 36, సరిగ్గా గట్టు మీద ఉన్నాడు. అందుకే అతనికి తోబుట్టువులూ పిల్లలూ ఉంటే వాళ్ళకి కూడా ఒకసారి ఈసీజీ, ఎకో చేయించి గుండె డాక్టరుకి చూపించమనండి.

ఆట గురించి అడిగారు. 2021 అక్టోబరులో కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే పోయినప్పుడు బెంగళూరులో గుండె ఆస్పత్రుల ముందు జనం చెకప్‌ల కోసం బారులు తీరారు, జిమ్ మానేసినవాళ్ళు నాకే ఎంతోమంది తెలుసు. తర్వాత 2022 ఫిబ్రవరిలో ఆంధ్ర మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్ళకి, ఏడాది తిరిగేసరికి పాదయాత్రలో కూలిపోయిన నటుడు తారకరత్న నలభై నిండకుండానే, ఇలా ఒకరి తర్వాత ఒకరు పోయేసరికి మన ఇళ్ళల్లో ‘ఎక్సర్‌సైజ్ చేస్తే పోతారు’ అనే మాట పుట్టింది. నిజం ఏమిటంటే, లోపల జబ్బు ఉన్న గుండెకి హఠాత్తుగా పెట్టే భారీ శ్రమ నిప్పురవ్వ కావచ్చు. వారమంతా కుర్చీకి అతుక్కుని ఆదివారం పొద్దున రెండు గంటలు ప్రాణం పెట్టి ఆడేవాళ్ళకి ఆ ప్రమాదం ఎక్కువ, రోజూ అలవాటు ఉన్నవాళ్ళకి చాలా తక్కువ. మొత్తం మీద చూస్తే వ్యాయామం గుండెని కాపాడేదే. తప్పు షటిల్‌ది కాదు. ఆడుతుంటే ఛాతీ పట్టేసినా, ఆయాసం ఎక్కువైనా, కళ్ళు తిరిగినా ‘ఈ గేమ్ అయిపోనీ’ అనుకోవడంలో ఉంది తప్పు. మీ మరిది స్నేహితులని అడిగి చూడండి, అంతకు ముందు వారాల్లో ఏమైనా అన్నాడేమోనని. చాలాసార్లు అని ఉంటారు. ఎవరినో తప్పు పట్టడానికి కాదు, ఆ స్నేహితుల్లో ఇంకొకరికి అదే మంట ఉందేమో బయటపడటానికి.

వ్యాక్సిన్ మాట. కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ళు దేశంలో 47 పెద్దాస్పత్రుల నుంచి వివరాలు తీసుకుని, 18 నుంచి 45 ఏళ్ళ మధ్య ఉండి, ఆరోగ్యంగా ఉన్నట్టే ఉండి 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి మధ్య హఠాత్తుగా చనిపోయిన 729 మందిని, అదే వయసు, అదే ప్రాంతం వాళ్ళు 2,916 మందితో పోల్చి చూశారు. కోవిడ్ టీకా వల్ల ముప్పు పెరగలేదు, రెండు డోసులు వేసుకున్నవాళ్ళలో తక్కువగానే ఉంది. ముప్పు పెంచినవి ఏవంటే, కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో అంతకు ముందు హఠాన్మరణం ఉండటం, చనిపోవడానికి ముందు 48 గంటల్లో అతిగా తాగడం, మత్తుపదార్థాలు, అతి తీవ్రమైన శ్రమ. ఇది చెప్పినా మీ వాట్సాప్ గ్రూపులో బాబాయిలు ఒప్పుకోరు, వాదించి బీపీ పెంచుకోకండి. నా బాధ వేరే, వ్యాక్సిన్ మీద నెపం వేసిన ప్రతివాడూ చేతిలో సిగరెట్‌తోనే ఆ మాట అంటున్నాడు.

ఆ సిగరెట్ గురించి ఇంకొంచెం. ‘నాలుగైదేగా’ అంటారు మీ ఆయన, తెలుసు. ఊపిరితిత్తుల కాన్సర్‌కి సంఖ్య లెక్క పనికొస్తుందేమో, గుండెకి మాత్రం కాదు. రోజుకి ఒక్క సిగరెట్ తాగేవాళ్ళకి కూడా, ఇరవై తాగేవాళ్ళకి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం దాకా ఉంటుందని ఎన్నో అధ్యయనాలు కలిపి లెక్కగట్టారు. తగ్గించడం కాదు, మానేయడమే. మానేశాక ఏడాదిలో ఆ అదనపు ముప్పు సగానికి పడిపోతుంది, మందుల షాపులో ఏ మాత్రా అంత పని చేయదు. గుట్కా, ఖైనీ కూడా ఇదే లెక్క, పొగ లేదు కదా అని సంతోషించక్కర్లేదు.

చెకప్ ప్యాకేజీ అడిగారు. 82 పరీక్షలు, 96 పరీక్షలు అని ఫోనుకి మెసేజ్‌లు వస్తుంటాయి, వాటిలో సగం దేనికో నాకే అర్థం కాదు. నొప్పి ఉన్న మీ ఆయనకి ప్యాకేజీ కాదు, డాక్టరు కావాలి. మిగతావాళ్ళకి, అంటే మీ ఇంట్లో ముప్పై దాటిన ప్రతివాళ్ళకీ, కావాల్సినవి కొన్నే. బీపీ చూపించుకోవడం, షుగర్‌కి హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్‌కి లిపిడ్ ప్రొఫైల్, నడుము చుట్టుకొలత (మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు, టైలర్ టేపు చాలు). మీ కుటుంబంలో లాగా తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో 65 లోపు గుండెజబ్బు వస్తే దీనికి లిపోప్రొటీన్-ఎ అనే పరీక్ష కూడా కలపండి. ఇది వంశంలో వచ్చే ఒక రకం కొలెస్ట్రాల్, మనవాళ్ళలో సుమారు నలుగురిలో ఒకరికి ఎక్కువగా ఉంటుంది, తిండి తగ్గిస్తే తగ్గేది కాదు, మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో కనబడదు, జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. సన్నగా ఉండి, నూనె ముట్టని మనిషికి గుండెపోటు ఎందుకొచ్చిందని తల పట్టుకునే ఇళ్ళల్లో కొన్నిసార్లు జవాబు ఇక్కడ దొరుకుతుంది. చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 190 దాటితే అది తిండి వల్ల కాదు, పుట్టుకతో వచ్చినదేమో చూడాలి, పిల్లలకీ పరీక్ష చేయించాలి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాస్తే ‘ఇప్పటి నుంచే జీవితాంతం మందులా’ అని మధ్యలో మానేయకండి.

మీ గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు, ఆడవాళ్ళ ఉత్తరాలన్నీ ఇలాగే ఉంటాయి. కాన్పు సమయంలో మీకు బీపీ గానీ షుగర్ గానీ వచ్చిందా? వచ్చి ఉంటే తర్వాత తగ్గిపోయినా సరే గుండెజబ్బు ముప్పు ఎక్కువే, అది మీ డాక్టరుకి చెప్పండి. ఆడవాళ్ళకి గుండెపోటు ఒక్కోసారి నొప్పి కంటే ఆయాసంగానో, విపరీతమైన నీరసంగానో, వాంతిగానో వస్తుంది, అందుకే ఇంకా ఆలస్యంగా పట్టుకుంటారు.

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ అడిగారు. డాక్టరు చూసి రాస్తే తప్ప పెట్టుకోకండి. నాలుక కింద పెట్టుకోగానే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, గుండెపోటులో కొన్ని రకాలకి అది ఇంకా ప్రమాదం, పైగా ముందు రోజు లైంగిక సామర్థ్యం కోసం మాత్ర వేసుకున్న మనిషికి (ఎవరూ ఇంట్లో చెప్పరు) ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంట్లో ఉంచుకోదగ్గది ఆస్పిరిన్. గుండెపోటు అనే అనుమానం గట్టిగా ఉంటే 108కి ఫోన్ చేసి, 300 మిల్లీగ్రాములు నమిలి మింగాలి, 75ల మాత్రలైతే నాలుగు, 150లైతే రెండు. అల్సర్ రక్తస్రావం ఉన్నవాళ్ళకి, ఆస్పిరిన్ పడనివాళ్ళకి, మూతి వంకరపోయి చెయ్యి పడిపోయినట్టు పక్షవాతం లక్షణాలు ఉంటే ఇది వద్దు. అలాగని రోజూ ఒకటి మింగమని కాదు. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందనీ, మిరపపొడి నీళ్ళు తాగిస్తే బతుకుతారనీ వచ్చే మెసేజ్‌లు చెత్త.

మీ ఊరి నుంచి ఖమ్మం గంటన్నర పైనే కదా, ఇది ముందే ఆలోచించి పెట్టుకోవాలి. గుండెపోటులో మూసుకున్న నాళాన్ని తెరవడానికి రెండు దారులున్నాయి, స్టెంట్ వేయడం, లేదా గడ్డ కరిగించే ఇంజక్షన్. రెండు గంటల్లోపు స్టెంట్ వేసే చోటికి చేరి పని మొదలయ్యేలా లేకపోతే దగ్గర్లో ఇంజక్షన్ చేయించుకుని తర్వాత పెద్దాస్పత్రికి వెళ్ళడమే మంచిది. ఖరీదైన ఇంజక్షనే, కానీ రెండు రాష్ట్రాల్లోనూ చాలా ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు వచ్చింది. మీ ఊరి ఆస్పత్రిలో అది ఉందా, రాత్రిపూట ఈసీజీ తీస్తారా అని ఇప్పుడే ఒకసారి వెళ్ళి అడిగి రండి. నొప్పి వచ్చాక ఆర్‌ఎంపీ దగ్గర ఒక గంట, తెలిసిన నర్సింగ్ హోంలో ఒక గంట, డబ్బులు సర్దుకోవడానికి ఒక గంట, ఇలా కండరం చచ్చిపోతూ ఉంటుంది. సొంత బైకు మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళడం అస్సలు వద్దు.

కోర్టులో పడిపోయినవాణ్ణి కారులో వేసుకుని పరుగెత్తారన్నారు. ఎవరైనా అదే చేస్తారు, మీవాళ్ళు తమని తాము నిందించుకోవద్దని చెప్పండి. కానీ అలా కూలిపోయి, పిలిస్తే పలక్క, శ్వాస సరిగా లేని మనిషికి మొదటి వైద్యం అక్కడే, నేల మీదే జరగాలి. ఒకరు 108కి ఫోన్, ఇంకొకరు రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి ఛాతీ మధ్యలో పెట్టి, రెండంగుళాలు లోపలికి దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి, అలసిపోతే పక్కవాడు అందుకోవాలి. ఏమీ చేయకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. 2023లో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర బస్సు దిగి కూలిపోయిన మనిషిని ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకాయన ఇలాగే నొక్కి బతికించాడు, ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. ఆ షటిల్ స్నేహితులందరినీ ఒక ఆదివారం పోగేసి మీ ఊరి డాక్టరుతోనో 108 సిబ్బందితోనో ఇలా ఛాతీ నొక్కడం, అంటే సీపీఆర్, నేర్పించండి, గంట పని.

ఇక మీ ఆయన్ని కదిలించడం. మీరు చెబితే ‘నీకన్నీ భయాలే’ అంటారు, మీ మరిది పేరెత్తితే లేచి బయటికి వెళ్ళిపోతారు. భయం ఉంది కాబట్టే ఈసీజీ తీయించుకున్నారు, నార్మల్ అనగానే ఆ కాగితం వెనక దాక్కున్నారు, అంతే. అందుకని మీరు చెప్పకండి, మీ మామగారితో చెప్పించండి. స్టెంట్ వేయించుకున్న మనిషికి ఆ మెట్ల మంట ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. వినగానే ఆయనకే తెలిసిపోతుంది, బహుశా ఆయనకీ అలాగే మొదలై ఉంటుంది. ‘నా చెకప్‌కి తోడు రారా’ అని కొడుకుని తన డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళమనండి, అక్కడికి వెళ్ళాక ‘మావాణ్ణి కూడా ఒకసారి చూడండి’ అంటే తప్పించుకునే దారి ఉండదు. ఇది మోసమే, ఫర్వాలేదు.

వెళ్ళేటప్పుడు ఆ నార్మల్ ఈసీజీని కూడా పట్టుకెళ్ళండి, పారేయకండి, కొత్తగా తీసినదానితో పక్కపక్కన పెట్టి చూడటానికి డాక్టరుకి పనికొస్తుంది. ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్ళకి వెలిసిపోతాయి, ఈ రాత్రే ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి.